పాత బీపీ మిషన్ ఎక్కడికి పోవాలి? పాదరసం తగ్గించడంలో అసలు చిక్కు

2001 మార్చిలో తమిళనాడులోని కొడైకెనాల్‌లో ఒక పాత సామాను దుకాణం వార్తల్లోకెక్కింది. అక్కడ చినిగిన గోనె సంచుల నిండా పగిలిన గాజు ఉంది, ఆ గాజుకు పాదరసం అంటుకుని ఉంది. అదే ఊళ్లో హిందూస్థాన్ లీవర్ సంస్థ నడుపుతున్న థర్మామీటర్ల కర్మాగారం నుంచి వచ్చిన వ్యర్థం అది. స్థానికులు, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు రోడ్డెక్కారు. ఆ నెలలోనే కర్మాగారం మూతపడింది.

ఆ కర్మాగారం చరిత్ర ఇంకా విచిత్రం. అది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో ఉండేది. అక్కడ మూసేసి, యంత్రాలను విప్పి, 1980ల తొలినాళ్లలో కొడైకెనాల్ కొండ మీదికి తెచ్చి బిగించారు. పాదరసం బయటి దేశం నుంచి వచ్చేది, తయారైన థర్మామీటర్లు మళ్లీ బయటికే పోయేవి. జ్వరం చూసుకున్నది అక్కడివారు, ఆవిరి పీల్చినది ఇక్కడి కార్మికులు. 2003లో దాదాపు 290 టన్నుల పాదరస వ్యర్థాన్ని ఓడకెక్కించి శుద్ధి కోసం అమెరికాకు తిప్పి పంపారు. పాత కార్మికులు 591 మందితో సంస్థ ఒప్పందానికి వచ్చేసరికి 2016 అయింది. కర్మాగారం చుట్టూ మట్టిని ఎంతవరకు శుభ్రం చేస్తే చాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది.

పాదరసం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా 'దాని బదులు ఏది వాడాలి' అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఆ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికింది. దొరకనిది రెండో ప్రశ్నకే: ఇప్పటికే మన బీరువాల్లో, ఆసుపత్రి గదుల్లో, చెత్తకుప్పల్లో ఉన్న పాదరసం ఏమవుతుంది? ఇది మూలకం. కాలిస్తే బూడిద కాదు, పాతిపెడితే కుళ్లదు, నీళ్లలో కలిపితే విరిగిపోదు. ఏం చేసినా చోటో రూపమో మారుతుంది తప్ప పాదరసం పాదరసంగానే మిగులుతుంది.

మింగితే ఒకటి, పీలిస్తే ఇంకొకటి

పగిలిన థర్మామీటర్ నుంచి జారిన గుండ్లను అరచేతిలో దొర్లించి ఆడుకున్న తరం మనలో ఉంది. 'మాకేమైంది?' అని వాళ్లడుగుతారు. మరోవైపు, చుక్క తగిలితే ప్రాణం పోతుందని భయపడేవారున్నారు. ఇద్దరూ పొరబడుతున్నది ఒకే చోట. పాదరసం ఏ రూపంలో ఉంది, ఏ దారిన ఒంట్లోకి వెళ్తోంది అన్నదాన్ని బట్టి దాని విషం పూర్తిగా మారిపోతుంది.

థర్మామీటర్‌లో ఉన్నది లోహ రూపం. పసిపిల్లవాడు థర్మామీటర్ కొరికి ఆ చుక్క మింగేశాడనుకుందాం. అందులో పదివేలవ వంతు కూడా రక్తంలోకి చేరదు, మిగతాదంతా విరేచనంలో పోతుంది. అప్పుడు భయపడాల్సింది పాదరసానికి కాదు, గాజు పెంకులకు. అదే చుక్క మంచం కింద చేరి రోజుల తరబడి ఆవిరవుతూ ఉంటే సంగతి వేరు. పీల్చిన ఆవిరిలో దాదాపు 80 శాతాన్ని ఊపిరితిత్తులు పట్టుకుంటాయి. అక్కడి నుంచి అది రక్తంలోకి, మెదడులోకి, గర్భిణిలో మాయ దాటి బిడ్డలోకి చేరుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, మతిమరుపు దాని గుర్తులు. ఒకప్పుడు ఐరోపాలో టోపీల కోసం బొచ్చును పాదరస లవణాలతో శుద్ధి చేసిన పనివారికి ఇవన్నీ వచ్చేవి.

గది గాలిలో పాదరస ఆవిరి ఏడాది సగటున ఘనమీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 20 డిగ్రీల వేడి దగ్గరే గాలి ఘనమీటరుకు 13 మిల్లీగ్రాముల వరకు, అంటే ఆ హద్దుకు పదమూడువేల రెట్లు, ఆవిరిని పట్టుకోగలదు. మన వేసవిలో ఇంకా ఎక్కువ. కిటికీలు తెరిచిన ఇంట్లో ఒక థర్మామీటర్ పగిలితే అంత చేరదు, భయం అక్కరలేదు. కానీ ఏళ్ల తరబడి పగులుతూ, ఊడ్చిన గుండ్లు నేల పగుళ్లలో దాక్కుంటూ ఉండే ఆసుపత్రి వార్డు, బీపీ మిషన్లు బాగుచేసే చిన్న గది, వీటి లెక్క వేరు. అక్కడ రోజంతా పనిచేసే నర్సు, మెకానిక్ పీల్చేదాన్ని ఎవరూ కొలవరు.

రెండో రూపం లవణాలది. ఇవి ముఖ్యంగా కిడ్నీలను దెబ్బతీస్తాయి. ముఖానికి రాసుకునే కొన్ని క్రీముల్లో ఉండేవి ఇవే, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మూడోది మిథైల్ మెర్క్యూరీ. అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే. చెరువు, నది, సముద్రం అడుగున గాలి తగలని బురదలో ఉండే సూక్ష్మజీవులు మామూలు పాదరసాన్ని ఈ రూపంలోకి మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. తిన్న చేపలోని మిథైల్ మెర్క్యూరీ దాదాపు మొత్తం మన ఒంట్లోకి ఇంకుతుంది.

ఇక్కడొక ప్రచారాన్ని సరిచేయాలి. 'ఒక్క థర్మామీటర్ చాలు, 20 ఎకరాల చెరువు విషమైపోతుంది' అని కరపత్రాల్లో రాస్తారు. ఏడాదికి గ్రాము చొప్పున గాలి నుంచి పాదరసం రాలుతూ ఉంటే, కాలక్రమాన అంత చెరువులో చేపలు తినడానికి పనికిరాకుండా పోవచ్చన్నది ఆ మాటకు మూలం. ఒక థర్మామీటర్ విసిరేయగానే చేపలన్నీ చచ్చిపోవు. అతిశయోక్తితో మంచి పని జరుగుతుందని నేను నమ్మను. ఒకసారి అబద్ధమని తేలితే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఆ మూడో రూపం ఏం చేయగలదో ప్రపంచానికి తెలిపింది జపాన్‌లోని మినమాట. చిస్సో అనే సంస్థ అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో పాదరసాన్ని వాడి, వ్యర్థ జలాలను సముద్రపు పాయలోకి వదిలేది. మొదట పిల్లులు తూలుతూ, గిరగిర తిరుగుతూ చచ్చిపోయాయి. ఆ తర్వాత మనుషుల వంతు వచ్చింది. 1956 మే 1న కర్మాగారపు ఆసుపత్రి నుంచే అంతుచిక్కని నరాల జబ్బు గురించి అధికారులకు సమాచారం వెళ్లింది. 1959లో ఆ ఆసుపత్రి డాక్టరు హోసోకావా హాజిమే కర్మాగారపు వ్యర్థాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశారు. దానికీ అదే జబ్బు వచ్చింది. సంస్థ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. జబ్బుకు కారణం ఆ కర్మాగారమేనని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఈ మధ్యలో ఆ చేపలు తిన్న తల్లులకు, తమకు పెద్దగా లక్షణాలు లేకపోయినా, పుట్టిన బిడ్డలు కాళ్లూ చేతులూ వంకర్లు పోయి మాట రాక మిగిలారు.

ఒప్పందం ఏమి ఆపుతుంది, ఏమి ఆపదు

ఆ ఊరి పేరు మీదే 2013 అక్టోబరులో జపాన్‌లో మినమాట ఒప్పందం కుదిరింది. 2017 ఆగస్టు 16 నుంచి అమల్లో ఉంది. భారత్ 2014లో సంతకం చేసి, 2018 జూన్‌లో ధ్రువీకరించింది. పాదరసం ఉన్న థర్మామీటర్లు, బీపీ మిషన్లు, కొన్ని రకాల బల్బులు, బ్యాటరీలు, సౌందర్య సాధనాలు, పురుగుమందుల తయారీకి ఒప్పందం పెట్టిన గడువు 2020. మన కేంద్ర మంత్రివర్గం ధ్రువీకరణకు ఒప్పుకుంటూనే 2025 వరకు వెసులుబాటు అట్టేపెట్టుకుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ ఒప్పందం ఆపేది తయారీని, దిగుమతిని, ఎగుమతిని. వాడకాన్ని కాదు. మీ డాక్టరు బల్ల మీదున్న పాదరసపు బీపీ మిషన్‌ను ఈ గడువులేవీ ముట్టుకోవు. అది పగిలేదాకా, లేదా ఎవరైనా తీసి పక్కన పెట్టేదాకా, అక్కడే ఉంటుంది. వ్యర్థంగా మారాక పర్యావరణానికి హాని లేకుండా చూడాలని ఒప్పందం చెబుతుంది. ఎలా, ఎవరి ఖర్చుతో అన్నది ఆయా దేశాల చేతిలో వదిలింది.

ఆసుపత్రుల్లో

ఒక జ్వరం థర్మామీటర్‌లో అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా పాదరసం ఉంటుంది. గోడకో బల్లకో ఉండే బీపీ మిషన్‌లో 80 నుంచి 100 గ్రాములు. అంటే ఒక్క బీపీ మిషన్ దాదాపు వంద థర్మామీటర్లతో సమానం. ప్రచారమంతా థర్మామీటర్ల చుట్టూ తిరుగుతుంది గానీ, బరువులో చూస్తే ఆసుపత్రిలో ముందు పట్టించుకోవాల్సింది బీపీ మిషన్‌నే. అయితే పగిలేవి థర్మామీటర్లు. రోజూ దులపడం, జేబులో పెట్టుకోవడం, రోగి నోట్లో కొరకడం, ఇలా ఒక పెద్ద ఆసుపత్రిలో అవి పగలని వారం ఉండదు.

థర్మామీటర్ల విషయంలో పోరు దాదాపు ముగిసింది. డిజిటల్ థర్మామీటర్ 0.1 డిగ్రీ తేడాతో, నిమిషం లోపు చూపిస్తుంది. నాలుక కింద సరిగా పెట్టకపోతే తప్పు చూపిస్తుంది. నిజమే, పాదరసపు థర్మామీటర్ కూడా అంతే. బ్యాటరీ అయిపోవడమే దీని బలహీనత. కొన్ని దేశాల్లో గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమలోహంతో గాజు థర్మామీటర్లు చేస్తున్నారు. చూడ్డానికి అచ్చం పాదరసమే. బ్యాటరీ అక్కరలేదు, విషం లేదు.

బీపీ దగ్గరికొచ్చేసరికి పాత డాక్టర్లు ఒప్పుకోరు. వారి మొండితనాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు, దానికి కారణముంది. 1896లో ఇటలీకి చెందిన రివా రొచ్చి పాదరస స్తంభంతో రక్తపోటు కొలిచే పద్ధతి చూపించారు. 1905లో రష్యన్ డాక్టరు కొరోట్కోవ్ దానికి స్టెతస్కోపు చప్పుడు జోడించారు. ఆనాటి నుంచి వైద్యశాస్త్రంలో బీపీ అంటే పాదరసం ఎన్ని మిల్లీమీటర్లు పైకి లేచింది అన్నదే. ఇప్పటికీ చీటీ మీద 120/80 అని రాసినప్పుడు ఆ అంకెల వెనక ఉన్నది అదే కొలత. ఈ స్తంభం భూమ్యాకర్షణ మీద నడుస్తుంది, స్ప్రింగు లేదు, సాగేదీ లేదు, అరిగేదీ లేదు. గడియారం ముఖంలాంటి అనిరాయిడ్ మిషన్ అలా కాదు. కిందపడితే, రోజులు గడిస్తే లోపలి స్ప్రింగు పట్టు తప్పుతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి సరిచూడకపోతే పది పాయింట్లు అటో ఇటో చూపిస్తుంది. పది పాయింట్లంటే ఒకరికి అక్కర్లేని మాత్ర, ఇంకొకరికి అందాల్సిన మాత్ర అందకపోవడం.

డిజిటల్ మిషన్లు పట్టీలోని గాలి ఒత్తిడి అదురును బట్టి లెక్కకడతాయి. గుండె లయ తప్పినవారిలో, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో, ఇవి ఒక్కోసారి పొరబడతాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పరీక్ష నెగ్గిన నమూనాలు నమ్మకమైనవే. ఇబ్బంది ఏమిటంటే, ఆ పరీక్షకు ఎన్నడూ నిలబడని నమూనాలు కూడా అదే అరలో, తక్కువ ధరకు, అమ్ముడవుతాయి.

ఇంతా చెప్పాక, డాక్టర్ల వాదనలో దాచిన లోపం కూడా చెప్పాలి. పాదరసపు మిషన్ సిద్ధాంతంలో నిక్కచ్చి. కానీ మన ఆసుపత్రుల్లో ఉన్నది సిద్ధాంతం కాదు. గాజు గొట్టం నల్లబడి, పాదరసం కొంత కారిపోయి, సున్నా దగ్గర నిలవాల్సిన స్తంభం ఇంకా కిందే ఉండిపోయి, పట్టీకి గాలి నిలవక, ఏళ్లుగా ఎవరూ సరిచూడని మిషన్ అది. సరిచూసుకునే అలవాటు లేని చోట ఏ మిషనూ నమ్మదగ్గది కాదు. అందుకే 'పాదరసం తీసేయండి' అన్న ఉత్తర్వు ఒక్కటే సరిపోదు. అనిరాయిడ్‌లు కొన్న జిల్లా ఆసుపత్రికి వాటిని ఆరు నెలలకోసారి సరిచూసే మనిషి, పరికరం కూడా కావాలి. కొనుగోలుకు నిధులుంటాయి, నిర్వహణ పద్దు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది.

కేంద్ర ఆసుపత్రుల్లో పాదరస పరికరాలను దశలవారీగా తొలగించాలని ఆరోగ్య శాఖ 2010లోనే చెప్పింది. ఆ రోజుల్లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆసుపత్రుల్లో పాదరస వ్యర్థాన్ని ఎలా చూసుకోవాలో మార్గదర్శకాలు తయారుచేసింది. 2024లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం అల్బేనియా, బుర్కినా ఫాసో, భారత్, మాంటెనెగ్రో, ఉగాండాలతో కలిసి ఆరోగ్య రంగంలో పాదరసం తొలగింపుకు 13.4 కోట్ల డాలర్ల ప్రాజెక్టు ప్రకటించింది. దారి ఉంది. నడక నెమ్మది.

బల్బుల సంగతి త్వరగా

సీఎఫ్ఎల్ బల్బులో ఉండేది 3 నుంచి 5 మిల్లీగ్రాములు. ఒక థర్మామీటర్‌లోని పాదరసంతో 200 బల్బులు చేయవచ్చు. కాబట్టి ఇంట్లో సీఎఫ్ఎల్ పగిలితే కిటికీలు తెరిచి, పావుగంట బయటికెళ్లి, తర్వాత పెంకులు జాగ్రత్తగా ఎత్తితే చాలు. బెంగ అక్కరలేదు. బెంగ పడాల్సింది కోట్ల సంఖ్యకు. 2009లో బచత్ ల్యాంప్ యోజన కింద ప్రభుత్వమే 15 రూపాయలకు సీఎఫ్ఎల్ బల్బు ఇప్పించింది, కరెంటు ఆదా కోసం. ఆదా అయింది, బొగ్గు మండించడం తగ్గిన మేరకు గాలిలో పాదరసమూ తగ్గింది. బొగ్గులోనూ పాదరసం ఉంటుంది మరి. కానీ మాడిపోయిన బల్బులను వెనక్కి తీసుకునే ఏర్పాటు జనం దాకా రాలేదు.

ఆ తర్వాత ఎల్ఈడీ వచ్చి ఈ చిక్కుముడిని పక్కకు నెట్టింది. 2015లో మొదలైన ఉజాలా పథకం 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచింది. ప్రభుత్వం కొనే ధర 2014లో 310 రూపాయలుంటే 2016కి 38కి దిగింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నం వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి. పాదరసం మానిపించడానికి ఎవరూ ఈ పని చేయలేదు. చవక కాబట్టి జరిగింది. మినమాట ఒప్పందం కూడా సీఎఫ్ఎల్‌లకు 2025, మామూలు వెలుతురు ట్యూబ్‌లైట్లకు 2027 అని గడువులు పెట్టింది. అప్పటికే అంగడి వాటిని వదిలేస్తోంది.

ముఖానికి రాసుకునే విషం

థర్మామీటర్‌లో, బల్బులో పాదరసం గాజు వెనక ఉంటుంది. పగిలితేనే ప్రమాదం. మనిషి రోజుకు రెండుసార్లు, తనంత తానుగా, తన చర్మానికి రుద్దుకునే పాదరసం ఒకటుంది. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పే కొన్ని క్రీములు.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి, ఆ ఎంజైమ్‌కు రాగి కావాలి. పాదరస లవణం ఆ రాగి చోటు ఆక్రమించి పని ఆపేస్తుంది. అందుకే ఈ క్రీములు నిజంగానే పనిచేస్తాయి, త్వరగా పనిచేస్తాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. వారంలో మెరుపు కనబడితే ఎవరు మానేస్తారు? మానేస్తే నలుపు తిరిగొస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా. మళ్లీ రాస్తారు.

కేరళలోని మలప్పురం జిల్లా కోట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులకు 2021, 2023 మధ్య ఒక విషయం తేడాగా తోచింది. కాళ్లు, ముఖం వాచి, మూత్రంలో నురగతో ప్రొటీన్ పోతున్న రోగులు వస్తున్నారు. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో వచ్చిన 22 మందిలో 15 మందికి ఎన్ఈఎల్ఎల్-1 అనే అరుదైన రకం తేలింది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబరిచే క్రీములు వాడినట్లు చెప్పారు. ఆ క్రీముల్లో పాదరసం కనబడింది. వైద్యులు ఈ వివరాలను కిడ్నీ వైద్య పత్రికలో ప్రచురించారు. క్రీము ఆపాక చాలామందికి తగ్గడం ఊరట. కేరళ ఔషధ నియంత్రణ శాఖ ఆపరేషన్ సౌందర్య పేరిట దుకాణాలపై దాడులు చేసి లైసెన్సు లేని సరుకు పట్టుకుంది.

చట్టం లేక ఇది జరగలేదు. మన నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. అనుకోకుండా చేరేది కూడా పదిలక్షల్లో 1 వంతు మించకూడదు. కంటి చుట్టూ వాడేవాటికి మాత్రం నిల్వ ఉంచే పదార్థంగా పదిలక్షల్లో 70 వంతుల దాకా 2020 నాటి నిబంధనలు వెసులుబాటిచ్చాయి. 2023లో జెనీవాలో జరిగిన మినమాట సభ్యదేశాల సమావేశం ఈ హద్దుల లెక్క తీసేసి, పాదరసం కలిపిన సౌందర్య సాధనం ఏదైనా సరే 2025 తర్వాత తయారు కాకూడదని తీర్మానించింది. అయినా పేరులేని డబ్బాలు, విదేశీ అక్షరాలున్న డబ్బాలు ఆన్‌లైన్‌లోనూ చిన్న బ్యూటీ పార్లర్లలోనూ దొరుకుతాయి. పదార్థాల జాబితా లేకపోవడం, తయారీదారు చిరునామా లేకపోవడం, ఎండ తగలనివ్వవద్దు, వెండి బంగారు నగలకు తగలనివ్వవద్దు అన్న హెచ్చరిక ఉండటం, ఇవి అనుమానించాల్సిన గుర్తులు. కాలమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యూరీ అన్న పేర్లు కనబడితే అనుమానం కూడా అక్కరలేదు.

ఇది రాసుకునేవారితో ఆగదు. దిండు గలీబుకు, తువ్వాలుకు, తల్లి చెంపను ఆనుకునే పసిబిడ్డకు అంటుతుంది. ఆవిరిగా గదిలోనూ చేరుతుంది. పాదరసం తగ్గించడం గురించి ఇంట్లో ఒక్క పనే చేయగలిగితే థర్మామీటర్ సంగతి తర్వాత చూసుకోండి, ముందు ఈ డబ్బా తీసేయండి. పెళ్లి ప్రకటనల్లో ఒంటి ఛాయ అడిగే సమాజానికి ఔషధ నియంత్రణ శాఖ ఒక్కటే మందు వేయలేదన్నది వేరే వ్యాసం.

పళ్లు, టీకాలు, రసౌషధాలు

పిప్పిపన్నులో నింపే వెండి రంగు అమాల్గమ్‌లో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. ఐరోపా సమాఖ్య 2025 నుంచి దీని వాడకాన్ని ఆపేసింది. 2025 నవంబరు సమావేశంలో మినమాట సభ్యదేశాలు 2034 కల్లా దీనికి స్వస్తి చెప్పాలని నిర్ణయించాయి. ఇప్పటికే పంటిలో ఉన్నదాన్ని భయంతో పీకించుకోవద్దు, తీసేటప్పుడే ఆవిరి ఎక్కువగా వస్తుంది. చివరికి శ్మశానంలో కాలినప్పుడు అది కూడా గాల్లోకే పోతుంది. బ్రిటన్‌లో దహనవాటికల పొగగొట్టాలకు పాదరసం పట్టే వడపోతలు బిగించారు.

టీకాల సంగతి చాలామందిని గందరగోళపెడుతుంది. కొన్ని టీకాల సీసాల్లో క్రిములు చేరకుండా థయోమెర్సాల్ కలుపుతారు, అందులో ఇథైల్ మెర్క్యూరీ ఉంటుంది. మినమాట ఒప్పందం దీన్ని కావాలనే మినహాయించింది. మిథైల్ మెర్క్యూరీ రక్తంలో సగానికి తగ్గడానికి నెలన్నర పడితే, ఇథైల్ మెర్క్యూరీ వారంలోపే సగమవుతుంది. మోతాదూ మైక్రోగ్రాముల్లోనే. ఒకే సీసా నుంచి పదిమంది పిల్లలకు టీకా వేయాల్సిన పల్లెల్లో, థయోమెర్సాల్ లేకపోతే సీసాలోకి క్రిములు చేరే ప్రమాదం నిజమైనది. దాని నుంచి హాని జరిగిందన్న ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులకు దొరకలేదు. పేరులో మెర్క్యూరీ ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

సంప్రదాయ, మతపరమైన వాడకాలకు కూడా ఒప్పందం మినహాయింపు ఇచ్చింది. మన ఆయుర్వేదంలోని రసశాస్త్రం చెప్పే రససిందూరం, మకరధ్వజం అనే మందులు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో పాదరసం గంధకంతో కలిసి ఉంటుంది, ఆ రూపం నీళ్లలో కరగదు, ఒంటికి తక్కువగా పడుతుంది. వైద్యుని పర్యవేక్షణలో శాస్త్రోక్తంగా తయారైన మందు ఒకటి, ఊరూపేరూ లేని పొట్లం మరొకటి. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 పరీక్షించి 2008లో అమెరికా వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. ఒప్పందం మినహాయించింది అంటే రాజకీయంగా రాజీ కుదిరింది అని అర్థం. సురక్షితమని ఎవరూ సంతకం చేయలేదు.

తీసేసినది ఎటు పోతుంది

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. ఆసుపత్రి పాదరసపు బీపీ మిషన్లు యాభై తీసేసింది. అంటే నాలుగైదు కిలోల పాదరసం. దానికి ధర ఉంటుంది, కొనేవాడుంటాడు. 2018లో ఐక్యరాజ్య సమితి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరే పాదరసం ఏడాదికి సుమారు 2,220 టన్నులు. అందులో దాదాపు 38 శాతం చిన్న బంగారు గనుల నుంచే. అక్కడ కూలీలు ఖనిజంలో పాదరసం కలిపి, బంగారం పట్టుకున్న ముద్దను పెనం మీద కాలుస్తారు, తరచుగా ఇంట్లోనే. ఒక దేశం శుభ్రపడటానికి తీసేసిన పాదరసం ఇంకో దేశంలో ఆ పెనం మీదికి చేరకూడదనే ఐరోపా సమాఖ్య 2011 నుంచి, అమెరికా 2013 నుంచి దాని ఎగుమతిని నిషేధించాయి.

మరి ఎక్కడ పెట్టాలి? జర్మనీలో ఎంచుకున్న మార్గం ఆసక్తికరం. ద్రవ పాదరసాన్ని గంధకంతో కలిపి మెర్క్యూరీ సల్ఫైడ్‌గా మార్చి, పాత ఉప్పు గనుల లోతుల్లో భద్రపరుస్తారు. పాదరసం భూమిలోంచి వచ్చింది ఆ రూపంలోనే, మన ఇంగిలీకమే అది. తవ్వి తీసిన రూపంలోకే మార్చి తవ్విన నేలలోకే పంపడం.

మన దగ్గర నిబంధనలు మాటవరసకు ఉన్నాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పగిలిన పాదరసపు థర్మామీటర్లను, సీఎఫ్ఎల్, ట్యూబ్‌లైట్లను 'గృహ ప్రమాదకర వ్యర్థం'గా స్పష్టంగా పేర్కొన్నారు. తడి, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. ఇవ్వడానికి మీ వీధిలోకి వచ్చే బండిలో ఆ విడి డబ్బా ఉందా అన్నది మీరే చూసుకోండి. ఆసుపత్రుల్లోనైతే పగిలిన థర్మామీటర్ పసుపు సంచిలో పడితే కొలిమికి పోతుంది. అక్కడ ప్లాస్టిక్ కాలుతుంది, పాదరసం ఆవిరై ఊరి గాలిలో కలుస్తుంది. అలా కాకుండా మూతగట్టి డబ్బాలో నీటి కింద దాచి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పజెప్పాలి. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. జిల్లా ఆసుపత్రి స్టోరు గది నుంచి అక్కడిదాకా తీసుకెళ్లే బండి, బాడుగ, కాగితాలు, ఇక్కడే అంతా ఆగిపోతుంది. అందుకే పాత మిషన్లు ఏళ్ల తరబడి స్టోరులో పడి ఉంటాయి, ఓ రోజు తుక్కు వేలంలో ఇనుముతో పాటు పోతాయి.

చట్టంలో ఒక ఖాళీ కూడా ఉంది. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం విద్యుత్ పరికరాలు తయారుచేసినవారే పాతవాటి బాధ్యత తీసుకోవాలి. పాదరసమున్న బల్బులు ఈ జాబితాలో ఉన్నాయి. కానీ థర్మామీటర్, బీపీ మిషన్ కరెంటుతో నడవవు, కాబట్టి 5 మిల్లీగ్రాముల బల్బుకు ఉన్న బాధ్యుడు 100 గ్రాముల బీపీ మిషన్‌కు లేడు. దీనికి పెద్ద సంస్కరణలు అక్కరలేదు. రాష్ట్ర వైద్య సేవల సంస్థలు డిజిటల్ బీపీ మిషన్లకు టెండరు పిలిచేటప్పుడే, పాతవాటిని తూకం వేసి రసీదు ఇచ్చి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలన్న షరతును, దాని ఖర్చుతో సహా, ఒక పంక్తిలో రాయవచ్చు.

ఇంట్లో పగిలినప్పుడు చేయాల్సింది ఇది. పిల్లలను బయటికి పంపి, ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరవండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వద్దు, గుండ్లు ఇంకా చిన్నవై చెదిరిపోతాయి. ఉంగరాలు, గాజులు తీసేయండి, బంగారాన్ని పాదరసం తినేస్తుంది. రెండు గట్టి కాగితాలతో గుండ్లను ఒక చోటికి తోసి, మిగిలిన చిన్నవాటిని టేపుతో అద్ది తీయండి. అన్నింటినీ నీళ్లున్న సీసాలో వేసి, మూత బిగించి, పాదరసమని పేరు రాయండి. సింకులో, మరుగుదొడ్డిలో పోయొద్దు. అంటిన బట్టలు వాషింగ్ మిషన్‌లో వేయొద్దు, విడిగా కట్టి సీసాతో పాటే ఉంచండి. ఆ గదిని ఒకటి రెండు రోజులు గాలి ఆడనివ్వండి. ఇక ఆ సీసాను ఎవరికివ్వాలో మీ మునిసిపాలిటీకి ఫోను చేసి అడగండి. వాళ్లకు జవాబు తెలియకపోతే, నిబంధనల్లో ఆ బాధ్యత వాళ్లదేనని చెప్పి లిఖితపూర్వకంగా అడగండి.